లావు గొట్టాలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, గిద్దలూరులో ఒక కారు షెడ్డు. అక్క తమ్ముణ్ణి నిలదీస్తోంది.

“వెనక సీట్లో నా బిడ్డ స్పృహ తప్పి పడిపోయింది. ఇంజనుకు ఏం బిగించినావురా?”

“లావు పొగగొట్టాలు అక్కా. పొగ తొందరగా పోతే కారు కొండ మీది ఘాటు రోడ్డు జోరుగా ఎక్కుతుందని.”

“మరి పొగ లోపలికెందుకు వచ్చింది?”

“అతుకు సరిగా కుదరలేదు.”

“ఆ సంగతి నీకు ముందే తెలుసా?”

“తెలుసు. నంద్యాల దాకా ఏం కాదులే అనుకుంటి.”

“మీ బావ నిన్ను నమ్మి బిడ్డను ఎక్కించుకొని పోయినాడు.”

“పాత గొట్టాలే మళ్లీ బిగిస్తా. పాప లేచిందా?”

“లేచింది. మన ఊరి ఆసుపత్రిలోనే కళ్లు తెరిచి, మామ ఏడని అడుగుతాంది.”

“కారు తీస్తా, ఎక్కక్కా.”

“దాంట్లో నేనెక్కను. నువ్వూ ఎక్కొద్దు. నడువు.”