నాలుగు మిల్లీమీటర్లు

ఆ కుర్చీ వద్దు తల్లీ, దాని కాలు ఊగుతుంది. ఇవాళ బిగిస్తా, రేపు బిగిస్తా అంటూ ఏడాది గడిపేశాను. ఇటు వచ్చి మంచం మీద కూర్చో. ఆఁ, ఇప్పుడు చెప్పు. మీ తాత గురించి నన్నే అడగాలా, ఇంకెవరూ దొరకలేదూ నీకు? సరేలే. మ్యూజియంలో మీ తాత బాగుచేసిన ఆ రేసు కారు పక్కన బోర్డు పెడతారు, దాని మీద రాయాల్సింది నువ్వు రాస్తున్నావు, అందులో కొలతలు ఫలానా ఆయనవి అని నా పేరు కూడా వేస్తావు. అంతేగా? ఎవరు చెప్పారు నీకు? మీ తాత నోట్‌బుక్‌లో ఉందా. ఉంటుంది, ఉంటుంది. అది సంచిలోనే ఉంచు, తర్వాత చూద్దాం. ముందు నేను చెప్పేది విను, విన్నాక నా పేరు ఉంచుతావో కొట్టేస్తావో నీ ఇష్టం. కాస్త మెల్లిగా మాట్లాడుకుందాం, మీ పెద్దమ్మమ్మ పక్కగదిలో పడుకుంది, ఆవిడవి పాము చెవులు. యాభై రెండేళ్ళ కాపురంలో ఆవిడకి చెప్పనిది ఇదొక్కటే.

మీ తాతా నేనూ తోడల్లుళ్ళం, అది నీకు తెలిసిందే. అక్కని నేను చేసుకున్నాను, చెల్లెల్ని వాడు చేసుకున్నాడు. నేను ఆ ఇంటికి అల్లుడయ్యేసరికే నాకు సొంత షెడ్డు ఉంది, కారుని పైకెత్తే లిఫ్టు ఉంది, గోడకి మేకులు కొట్టి వరసగా వేలాడదీసిన పానాలున్నాయి. మామగారు వచ్చినవాళ్ళందరికీ మా అల్లుడి షెడ్డు అని చూపించేవాడు. నాలుగేళ్ళు దర్జాగా అలా గడిచింది. తర్వాత వీడొచ్చాడు. ఏం పని చేసేవాడో తెలుసా? కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. నవ్వకు, నిజం. సైకిలుకి ఒక పెట్టె కట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. జేబులో ఎప్పుడూ ఒక దారపు ఉండ ఉండేది. ఏది కొలవాలన్నా దారమే. తలుపు కొలవాలంటే దారం, బల్ల కొలవాలంటే దారం, మీ అమ్మ పుడితే ఉయ్యాల కొలిచింది కూడా దారంతోనే. అందుకే అందరూ వాణ్ణి దారం మేస్త్రీ అనేవాళ్ళు. మిషన్ల నుంచి స్కూటర్లకి వచ్చాడు, స్కూటర్ల నుంచి కార్లకి వచ్చాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేను పదేళ్ళు మా గురువు చేత మొట్టికాయలు తిని నేర్చుకున్నది వాడు ఊరికే ఒక పక్కన కూర్చుని, చూసి పట్టేసేవాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటే ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. మామగారేమో గొంతు సాగదీసి, "పెద్దల్లుడికి సామాను ఉందమ్మా, చిన్నల్లుడికి చెయ్యి ఉంది" అనేవాడు. నా ఎదురుగానే అనేవాడు తల్లీ, ఏ మొహమాటమూ లేకుండా. పోయినాయన్ని అనకూడదు గానీ, ఆ మాట ఇప్పటికీ నా చెవిలో గింగురుమంటూనే ఉంది.

కారు సంగతికి వస్తున్నా, కంగారు పడకు. రేసాయన అని ఒకాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు టూరింగ్ రేసుల్లో పేరు మోసినవాడు. ఆ రేసులేమిటంటే, మనం రోడ్డు మీద చూసే మామూలు కారునే తీసుకుని, సీట్లూ గీట్లూ అన్నీ పీకేసి, లోపల ఇనప గొట్టాలు బిగించి పరిగెత్తించేవాళ్ళు. ఆయన గెలిచిన కారు చేతులు మారి మారి, చివరికి ఒక మొక్కల నర్సరీలో తేలింది. అప్పటికి ఇంజను లేదు, చక్రాలు లేవు, తలుపులు లేవు, ఒట్టి చాసిస్, అంటే అడుగు చట్రం మిగిలింది. నర్సరీవాడు అందులో వరసగా కుండీలు పెట్టి రోజూ నీళ్ళు పోశాడు. పదకొండేళ్ళు పోశాడట. మొక్కలు మాత్రం బ్రహ్మాండంగా పెరిగాయి. రేసాయన దాన్ని లారీ మీద వేయించుకుని ముందు ఎవరి దగ్గరికొచ్చాడనుకున్నావు? నా దగ్గరికే. పెద్ద షెడ్డు నాదేగా. నేను చుట్టూ తిరిగి చూసి, కాలితో ఒక తన్ను తన్నాను. ఎడమ పక్క తుప్పు పొడిపొడిగా రాలింది. దీన్ని తుక్కుకి వేసేయండి సార్, ఇది కారు కాదు, జల్లెడ అన్నాను. పెద్దాయన మొహం మాడిపోయింది. అదే లారీ మా వీధి మలుపు తిరిగి మీ తాత రేకుల పాక ముందు ఆగింది. వాడు తన్నలేదు. కింద పడుకుని లోపలికి దూరాడట, గంటసేపు బయటికి రాలేదట. వచ్చి, "అవుతుంది సార్, టైం పడుతుంది" అన్నాడట. అదొక్కటే మాట.

రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ నా ఇంట్లో వేరే మాట లేదు. మీ పెద్దమ్మమ్మ చెల్లెలింటికి వెళ్ళొచ్చినప్పుడల్లా నాకు వార్తలు చదివేది, మరిది ఇవాళ నేల రేకు వేశాడట, మరిది పాత ఫొటోలు భూతద్దం పెట్టి చూసి తలుపు వంపు పట్టుకున్నాడట, మరిది ఒక్క కిటికీ రబ్బరు కోసం పద్నాలుగు ఉత్తరాలు రాశాడట. మరిది మరిది మరిది. అన్నం ముందు కూర్చున్నా అదే పాట. నా షెడ్డుకొచ్చేవాళ్ళు కూడా ఆయిల్ మార్చేలోపు అలా ఒకసారి ఆ కారు చూసొస్తాం అని వెళ్ళిపోయేవాళ్ళు. నేనూ వెళ్ళేవాణ్ణి, అబద్ధమెందుకు, ఏదో పని ఉన్నట్టు వెళ్ళేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని కళ్ళు చించుకుని వెతికేవాణ్ణి. అతుకు వేసిన చోట వేలు పెట్టి రాసి చూసేవాణ్ణి, అతుకు తెలిసేది కాదు. అంత శుభ్రంగా ఉండేది పని. వాడేమో నన్ను చూడగానే లేచి నిలబడి, పీట తుడిచి, అన్నయ్యా కూర్చో అనేవాడు. అది ఇంకా మంట.

ఇక అసలు విషయం. ముందు ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ ఒకటి ఉంటుంది. కుండీల నీళ్ళకి అది ఆనవాలు లేకుండా పోయింది. కొత్తది చేశాడు, కానీ ఎక్కడ అతకాలి? కుడి పక్కది ఉంది గానీ, చాసిస్ కాస్త ఒంగి ఉండటం వల్ల దాన్ని నమ్మొచ్చో లేదో వాడికి అనుమానం. అప్పుడు నా షెడ్డులో అదే మోడల్ టాక్సీ ఒకటి లిఫ్టు మీద ఉంది, దెబ్బ తగలని బండి. వాడొచ్చి, అన్నయ్యా, తలుపు కింది బోల్టు నుంచి బ్రాకెట్ దాకా ఎడమ పక్కన ఎంతుందో నీ స్కేలుతో కొలిచి పెట్టవా, నా దారంతో అంత సూక్ష్మం తేలదు అన్నాడు. రెండేళ్ళలో వాడు నన్ను అడిగింది ఆ ఒక్కటే. కొలిచాను. నాలుగు వందల పన్నెండు మిల్లీమీటర్లు. చీటీ మీద నాలుగు వందల పదహారు అని రాసిచ్చాను.

అలా చూడకు తల్లీ. చక్రం ఊడిపోయేంత తేడా కాదది, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, అంత పాపిష్టివాణ్ణి కాను. ఎడమ చక్రం నాలుగు మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది. స్టీరింగు వదిలితే బండి కుడికి ఈడుస్తుంది. అంతే. అందరూ చూస్తుండగా రేసాయన దిగి, బండి లాగుతోందయ్యా అనాలి. వీడి తల వాలిపోవాలి. మీ పెద్దమ్మమ్మ ఆ మాట వినాలి. నాకు కావలసింది అదే, ఇంకేమీ కాదు.

కారు పూర్తయిన రోజు, విమానాలు దిగడం మానేసిన పాత మైదానంలో దాన్ని నడిపించారు. వీధి వీధంతా వచ్చింది, మామగార్ని కుర్చీతో సహా మోసుకొచ్చారు. పచ్చరంగు వేశాడు వాడు, ముందు భాగం మీద పసుపు చార. రేసాయన ఎక్కాడు, ఒక చుట్టు తిరిగాడు, రెండు చుట్లు తిరిగాడు. మూడో చుట్టులో చేతులు రెండూ స్టీరింగు మీంచి తీసేయడం నేను చూశాను. బండి మెల్లగా కుడికి ఒరిగింది. అయిపోయింది వీడి పని అనుకున్నాను. బండి ఆపాడు, దిగాడు, బానెట్ మీద తల ఆనించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు తల్లీ. మీ తాత వైపు తిరిగి, "మేము పరిగెత్తిన ట్రాక్‌లో అన్నీ కుడి మలుపులే. అందుకని ఎడమ చక్రం కాస్త ముందుకి జరిపించుకున్నాను. పోటీవాళ్ళకి తెలుస్తుందని కాగితం మీద కూడా పెట్టలేదు. అది నీకెలా తెలిసిందయ్యా?" అన్నాడు.

వాణ్ణి పడగొట్టాలని నేను వేసిన మెలిక వాణ్ణి ఆకాశానికెత్తింది. ఆ కారు మొత్తంలో ఏ ఫొటోలోనూ దొరకని నిజం ఏదైనా ఉంటే అది నా అబద్ధమే. అక్కడితో అయినా బాగుండేది. మీ తాత అటూ ఇటూ చూసి, వెనకాల నిలబడ్డ నన్ను చెయ్యి పట్టి ముందుకి లాగి, "నాకేం తెలుసు సార్, ఆ కొలత మా అన్నయ్యది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. రేసాయన నన్ను కావలించుకున్నాడు. మామగారు మొదటిసారి నా భుజం తట్టాడు. మీ పెద్దమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను కాదనలేదు. ఆ మెప్పు తీసుకున్నాను.

ఆ పూటే నాకు అర్థమైంది, వీడికి తెలుసు అని. కుడి పక్క దారం వేసి చూసి ఉంటాడు, నాలుగు తేడా వచ్చి ఉంటుంది, నా బుద్ధి కనిపెట్టి ఉంటాడు. నలుగురిలో తిట్టకుండా నలుగురిలో పొగిడి కొట్టాడు. అలాంటి దెబ్బకి మందు లేదు. అప్పట్నుంచి వాడి గడప తొక్కడం మానేశాను. పెళ్ళిళ్ళలో ఎదురైతే, బాగున్నావా అంటే బాగున్నాను, అంతే. మీ పెద్దమ్మమ్మ ఎన్నిసార్లు అడిగిందో, ఏమైంది మీ ఇద్దరికీ అని. ఆరేళ్ళు అలాగే గడిచాయి. చివర్లో ఆసుపత్రిలో ఉన్నాడంటే వెళ్ళక తప్పలేదు. చిక్కి శల్యమయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు, అప్పుడు కూడా. పక్కన కూర్చోబెట్టుకుని, "అన్నయ్యా, ఆ నాలుగు మిల్లీమీటర్లు నీకెలా తెలిశాయి? ఎంత ఆలోచించినా అంతుపట్టట్లేదు" అన్నాడు. పోయే ముందు కూడా ఎగతాళేనా అనిపించింది నాకు. తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేశాను. మూడో రోజు పోయాడు. వాడి మీద నాకు అసూయ పోలేదు తల్లీ, నీ దగ్గర దాచడమెందుకు, ఇవాళ పొద్దున నువ్వు ఫోన్ చేసి తాతయ్య కారు మ్యూజియంలో పెడుతున్నారు అనగానే మళ్ళీ భగ్గుమంది. అందుకని నా పేరు కొట్టేయ్. వాడి ఎగతాళి బోర్డు మీద కూడా ఎక్కించకు.

ఏంటి? చూడమంటావా? సరే, ఇలా ఇవ్వు. కళ్ళజోడు దిండు కింద ఉంది, అందుకో. ఆఁ, వాడి అక్షరాలే, చీమలు పాకినట్టు. ఎడమ బ్రాకెట్. కుడి పక్కదాన్ని బట్టి దారం కొలత 412. చూశావా, చెప్పానా, కొలిచాడు, వాడికి తెలుసు. దాని కింద, అన్నయ్య కొలత 416. ఆ కిందేంటి, పెన్సిలుతో రాశాడు, వెలుతురులోకి తిప్పు. దారం... సాగి... ఉంటుంది. దారం సాగి ఉంటుంది. అన్నయ్య తప్పు చెప్పడు. 416 ఖాయం.

...

ఆసుపత్రిలో నిజంగానే అడిగాడన్నమాట.

...

ఆ కుర్చీ ఇలా జరుపు తల్లీ. కాలు చూస్తాను.