ఉమెకోగారి పేరు మీద ఎరుపు

సింగపూర్, బిషాన్‌లోని ఒక ఫ్లాట్. ఇంటావిడ ఉమెకోగారికి నూట పదేళ్ళు. పలకరించడానికి వచ్చిన పక్కింటి వీరభద్రరావుగారికి డెబ్భై ఆరు.

"వాసన చూడండి, రావుగారూ. గంధపు అగరువత్తులు. నా చావుకు ఒసాకా నుంచి వచ్చాయి."

"మీ చావుకా, ఆంటీ?"

"మా చెల్లెలి మనవరాలు పంపింది. ఎవరైనా పోతే ఆ ఇంటికి అగరువత్తులు పంపడం మా ఆచారం. పోయిన వారం ఈ ఊరొచ్చి, మా ఆయన సమాధి చూసి, నేనూ పోయాననుకుని ఇటు రాకుండానే విమానమెక్కిందట."

"సమాధి చూస్తే అలా ఎందుకు..."

"ఆయన పోయినప్పుడే పక్కన నా పేరూ చెక్కించాను. బతికున్నవాళ్ళ పేరులో ఎర్రరంగు నింపుతాం, పోయాక తీసేస్తాం. యాభై నాలుగేళ్ళుగా నా పేరు ఎర్రగానే ఉంది. ఇప్పుడు లేదట."

"వానలకు పోయి ఉంటుంది."

"అది ఓడలకు వేసే రంగు."

"కాలం, ఆంటీ. కాలం దేన్ని మిగిల్చింది గనుక?"

"నన్ను మిగిల్చింది. నేను ఆస్పత్రిలో ఉండగా సమాధి కడగడానికి వెళ్ళిందెవరు?"

"మీరు కోరితేనే వెళ్ళాను."

"కడగమన్నాను."

"కడిగాను."

"ఇంకా?"

"గీకాను. ఇనుప బ్రష్‌తో. ఎవరో ఆకతాయిలు పూశారనుకుని..."

"ఒక్క నా పేరు మీదే, అక్షరం అంచు దాటకుండానా?"

"సరే. భర్త పోయిన స్త్రీ పేరు మీద ఎరుపేమిటి, మీకు అవమానం కదా అనిపించింది. మా వైపు భర్త పోగానే బొట్టు తుడిచేస్తారు. మా అమ్మకు తుడిచినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు."

"రేపు పొద్దున ట్యాక్సీ పిలవండి. నా పేరు నేనే దిద్దుకుంటాను."

"డాక్టరు ఎండలోకి వెళ్ళవద్దన్నారు."

"ఆయన వయసెంత?"

"నలభై ఉంటుంది."

"చిన్నవాడు. నేర్చుకుంటాడు. మీ అమ్మగారి పేరేమిటి?"

"నూకాలమ్మ."

"ఆ తర్వాత ఎన్నాళ్ళున్నారు?"

"యాభై రెండేళ్ళు."

"అన్నేళ్ళూ ఎరుపు లేకుండానే?"

"నలుగురిలోకి వచ్చేది కాదు. నా పెళ్ళి పందిట్లోకి కూడా రాలేదు."

"రాలేదా, రానివ్వలేదా?"

"ఆంటీ, అవి ఆ రోజులు. పెద్దవాళ్ళు..."

"ఎవరు, రావుగారూ?"

"నేనే రావద్దన్నాను."