చక్రాల ఇంట్లో బొంత

నాగర్‌కర్నూల్ రోడ్డు పక్క షెడ్డులో, సీట్లు కుట్టే ముసలాయన ఒక పాతకాలపు వ్యానును తిరిగే ఇల్లుగా మారుస్తున్నాడు. కార్పెట్ పరవకముందే రేకు గోడలకు థర్మాకోల్ అంటిస్తుంటే, బండి కొన్నాయన చంకలో మూటతో వచ్చాడు.

“అన్నా, మంచం పక్క గోడకు థర్మాకోల్ వద్దు. గీ బొంత పెట్టి పైన చెక్క కొట్టు.”

“బొంత చెమ్మ పడ్తది తమ్మీ. ఏడాదికే కుళ్తది.”

“కుళ్లనీ.”

“లోపల పండుకునేటోళ్లకు ఇబ్బంది గాదా?”

“పండుకునేది నేనొక్కన్నే.”

“మొన్న ఇద్దరికి మంచం కొలతలు ఇస్తివి గదా?”

“ముప్పై ఏండ్లు ఊరూరు తిరిగి మట్టిపని చేసినం. ఎక్కడ పని ఉంటే అక్కడ ప్లాస్టిక్ కవరు గుడిసె. మనతోనే తిరిగే ఇల్లొకటి ఉండాలె అంటుండె మా ఆమె.”

ముసలాయన బొంతను విప్పి చూశాడు. అన్నీ పాత చీరెలే. కుట్టు ఎక్కడా వంకర పోలేదు.

“పోయినోళ్ల బొంత వాగుల ఇడ్సి రావాలె గదా తమ్మీ?”

“ఇడ్సొచ్చిన అని మా అక్కకు అబద్ధం చెప్పిన.”

ముసలాయన మంచం పక్క గోడకు అంటించిన థర్మాకోల్‌ను మెల్లగా పీకేశాడు.

“సరే. చెమ్మ తగలకుండ ప్లాస్టిక్ కవరు చుట్టి పెడ్త.”

“కవరు వద్దన్నా. బతికినన్ని దినాలు కవరు కిందనే పండుకున్నది.”