గుండీల టీచరమ్మ

ఏమ్మా, బడి ఇంకా తెరవనేలేదు, అప్పుడే ఇంత సంచి మోసుకొచ్చావేంటి? అట్టలా? ఏవీ, ఇలా ఇవ్వు చూస్తాను. అబ్బో, అ, ఆ, ఇ, ఈ... నున్నగా ఉన్నాయే, నీళ్లు పడ్డా చెక్కుచెదరవనుకుంటా. నీ ఒకటో తరగతి పిల్లలకేగా? బాగున్నాయి. అది సరే గానీ, వీటిని పిల్లల చేతికిస్తావా, బీరువాలో పెడతావా? నవ్వకు. ఈ తాత పెట్టాడు మరి. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు విద్యాశాఖ ఆఫీసు నుంచి ఇలాంటి సామానుతోనే ఒక పెట్టె వచ్చింది. రంగు రంగుల చెక్క అక్షరాలు, బొమ్మల పటాలు, ఇద్దరు పట్టుకుంటే గానీ తెరుచుకోని పెద్ద కథల పుస్తకం. పిల్లల చేతికిస్తే పాడైపోవూ! ఒక్క ‘ఝ’ పోయినా రేపు నా మెడకే చుట్టుకుంటుందని తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగాను. ఆ ‘ఝ’తో ఎవడికి పనుంటుంది చెప్పు? అయినా భయమే. మరి చదువెలా చెప్పేవాణ్ణంటావా? గొంతుతో! నేనొకటంటే నలభై మంది అదే అరిచేవాళ్లు. వీధి చివర కుక్కలక్కూడా మొదటి పాఠం వచ్చేసి ఉంటుంది.

ఆ రోజుల్లో పక్కగదిలో ఒకావిడ ఉండేది. ఆవిడదీ ఒకటో తరగతే. సన్నగా, పొట్టిగా, మాట్లాడితే పక్కవాళ్లకి వినపడదు. వాళ్లాయన దర్జీ. ఆయన కొట్లో పనికిరాని గుండీలన్నీ ఒక డబ్బాలో పోసి తెచ్చేది. చొక్కాల అట్టపెట్టెలు కత్తిరించి, వాటి మీద గరుకు కాగితంతో అక్షరాలు అంటించేది, పిల్లలు వేలితో తడిమి చూడ్డానికి. పళ్లెంలో ఇసక పోసి అందులో రాయించేది. అందుకే గుండీల టీచరమ్మ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది కూడా ఎవరో కాదు, నేనే. అంత పని చెయ్యనివాడికి పేర్లు పెట్టడానికి తీరికుంటుంది.

మీ అమ్మకి అప్పుడు ఆరేళ్లు. నా తరగతిలోనే. పుస్తకం మొత్తం గడగడా చదివేసేది. ఇంటికి ఎవరొచ్చినా, ‘ఏదమ్మా, చదివి వినిపించు’ అనేవాణ్ణి. మీ అమ్మమ్మ మాత్రం, ‘వచ్చినవాళ్లకి మంచినీళ్లైనా తాగనివ్వండి ముందు’ అనేది. ఒకరోజు సుద్దముక్కలకని టీచరమ్మ నా గదికొచ్చింది. నేనూరుకుంటానా? మీ అమ్మని నిలబెట్టి చదివించాను. ఆవిడ అంతా విని, పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి, ‘ఇదేంటమ్మా?’ అంది. మీ అమ్మ ఏం చేసిందో తెలుసా? మళ్లీ పాఠం మొదటి నుంచి అందుకుంది! దారిలో ఎక్కడో ఒకచోట ఆ మాట తగలకపోతుందా అని. తగలనే లేదు, దాటి వెళ్లిపోయింది. అప్పుడావిడ మెల్లగా, ‘పాప చక్కగా అప్పజెబుతోంది సార్. చదవడం ఇంకా మొదలవలేదు’ అంది. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు వారాలు ఆవిడతో మాట్లాడలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు కదా! కానీ ఆ తర్వాత ఒకరోజు ఇంట్లో, ఎవరూ చూడకుండా, పలక మీద ‘తలుపు’ అని రాసి చూపించాను. మీ అమ్మ పలక వంక చూసింది, నా వంక చూసింది, ఏడ్చేసింది.

మర్నాడు పిల్లని తీసుకెళ్లి ఆవిడ గదిలో కూర్చోబెట్టాను. ఏమని? ‘నా గదిలో జాగా చాలట్లేదు టీచర్ గారూ’ అని! నలభై మందిలో సరిగ్గా నా కూతురికే జాగా లేకుండా పోయింది. ఆవిడేమన్నా అందా? ‘రానివ్వండి సార్’ అంది, అంతే. కిటికీలోంచి దొంగచూపులు చూసేవాణ్ణి. ‘తలుపు అనమ్మా, మెల్లగా. ఎన్ని వినపడ్డాయి?’ త అంటే ఒక గుండీ జరపాలి, లు అంటే ఒకటి, పు అంటే ఒకటి. ఆ తర్వాత ఒక్కో గుండీ తీసి, ఆ చోట ఆ అక్షరం ఉన్న అట్టముక్క పెట్టించేది. మూడు నెలలు పట్టింది. ఒక పొద్దున మీ అమ్మ నా గదికొచ్చి, బీరువా మీద నేను అంటించిన చీటీ కింద వేలు పెట్టి, ‘పి...ల్ల...లు... ము...ట్ట...రా...దు’ అని చదివింది. చదివి, ‘ఎందుకు నాన్నా?’ అంది. ఆనందంతో ఎత్తుకున్నాను. చీటీ మాత్రం తియ్యలేదు.

ఆ నెలలోనే తనిఖీకి పెద్దాఫీసరు వచ్చాడు. ముందు ఆవిడ గది చూశాడు. ‘ఇదేంటయ్యా హెడ్మాస్టరూ, బడా, దర్జీకొట్టా? ఈ చెత్తతో చదువొస్తుందా? ఈవిణ్ణి కాగితాలు రాసే పనిలో వెయ్యండి, పిల్లల జోలికి రానివ్వకండి’ అన్నాడు. పాతికమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. తర్వాత నా గదిలో బీరువా తెరిపించాడు. మీద గీత కూడా పడని సామాను చూసి మురిసిపోయాడు. ఎవరైనా చదవండర్రా అంటే, నేను పరిగెత్తుకెళ్లి మీ అమ్మని పిలుచుకొచ్చాను. ఆయన చేతిలో పేపరుంటే అదే ఇచ్చాడు. మీ అమ్మ కూడబలుక్కుని మూడు లైన్లు చదివేసింది. ‘భేష్! ఎవరు నేర్పారు?’ అన్నాడు, నా వైపే చూస్తూ. గుమ్మంలో టీచరమ్మ నిలబడి ఉంది. నేను ‘ఆవిడే’ అంటే చాలు. ఒక్క మాట. ఆవిడ గది ఆవిడకి ఉండేది, పిల్లలు పిల్లలకి ఉండేవాళ్లు. నోరు తెరిచాను. ‘నేనేనండీ, ఆ పెట్టె సాయంతో’ అని వచ్చింది.

ఆయన ఆవిణ్ణి, ‘చూసి నేర్చుకోమ్మా’ అన్నాడు. ఆవిడ, ‘అలాగేనండి’ అంది. కోపంగా అన్నా బాగుండేది. మర్నాటి నుంచి ఆవిడ ఆఫీసు గదిలో కాగితాలు రాసింది. నేను మాత్రం దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా తిరిగాను. ఆ పాతికమందినీ తెచ్చి నా అరుపుల్లో కలిపాను. రెండేళ్లకి ఆవిడ వేరే ఊరెళ్లిపోయింది. ఆవిడ చనిపోయిందన్న కబురు కూడా మూడేళ్లు ఆలస్యంగా తెలిసింది నాకు.

ప్రశంసాపత్రం వచ్చిందిలే, రాకేం! అద్దం కట్టించి ముందు గదిలో తగిలించాను. మీ అమ్మ స్టూలెక్కి, వేలు పెట్టి, మొదటి నుంచి చివరి సంతకం దాకా ఒక్కో మాటా పైకి చదివింది. ఎక్కడా తడబడలేదు. నేను కుర్చీలో కూర్చుని పొంగిపోతున్నాను. చదవడం అయిపోయాక పటాన్ని మేకు మీంచి తీసి, వెనక్కి తిప్పి చూసింది. ‘టీచరమ్మ పేరు లేదేంటి నాన్నా?’ అంది.

...

ఎండ లోపలికొస్తోంది. ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యమ్మా.