చివరి ముక్క కరిగించలేదు

అధ్యక్షులు ఈశ్వరయ్య గారికి, వేదిక మీదున్న పెద్దలకి, శనివారం ట్రాఫిక్‌లో పడి ప్లేనో దాకా డ్రైవ్ చేసుకొచ్చిన మిత్రులకి, ముందు వరుసలో కూర్చుని అప్పుడే వాచీ చూసుకుంటున్న మా ఆయన నరసింహం గారికి నమస్కారం. ల్యాబ్ నుంచి రిటైరైనందుకు మన తెలుగు సంఘం నాకీ సన్మానం చేస్తోంది. శాలువా కప్పేశారు కాబట్టి ఇక నన్నెవరూ ఆపలేరు. (నవ్వులు)

ఆకాశం నుంచి పడ్డ ఉల్కరాళ్లు కోసి, గ్రహాలు ఎలా పుట్టాయో వెతకడం నా ఉద్యోగమని ఈ ఊళ్లో ఎంతమందికి చెప్పానో, అంతమందీ "అయితే ఆంటీ, మా శని ఎప్పుడు వదులుతాడు?" అనే అడిగారు. లేఆఫ్‌ల సీజన్‌లో మరీను. అదిగో, ఫణి తల దించుకున్నాడు. పైగా నా పేరు ఛాయాదేవి, శనీశ్వరుడి తల్లి పేరు కదా, "మీవాడికి కాస్త చెప్పండి" అని సిఫారసులు కూడానూ. (నవ్వులు) శని ఎప్పుడు వదులుతాడో నాకు తెలియదు గానీ, అసలు ఎలా తయారయ్యాడో కొంత తెలుసు.

సూర్యుడు పసివాడుగా ఉన్నప్పుడు చుట్టూ వాయువూ ధూళీ పళ్లెంలా పరుచుకుని తిరుగుతుండేవి. ఆ ధూళిలో కొంత ఎందుకో కరిగి, చుక్కలై, మళ్లీ గట్టిపడింది. ఆ చుక్కలూ ధూళీ కలిసి ముద్దలయ్యాయి, ముద్దలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, కలుపుకుంటూ గ్రహాలయ్యాయి. శని లాంటి పెద్దవి చుట్టూ ఉన్న వాయువును కూడా లాగేసుకున్నాయి. గ్రహం కాకుండా మిగిలిపోయిన ముద్దల తునకలే నా ఉల్కరాళ్లు. కోసి చూస్తే అచ్చం బూందీ లడ్డే. లడ్డు ఎలా కట్టారో కొంత చెప్పగలం. బూందీ వేయించిన పొయ్యి ఏదో, అంటే ధూళిని కరిగించిన ఆ వేడి ఎక్కడిదో, ఇవాళ్టికీ ఎవరికీ రూఢిగా తెలియదు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే గడిచింది.

ఆ చుక్కల వయసు సరిగ్గా తేలితే జవాబుకి దగ్గరవుతాం. వయసు కొలవాలంటే రాయిని యాసిడ్‌లో కరిగించాలి, కరిగిస్తే రాయి ఇక ఉండదు. నేను నమ్ముకున్న రాయిలో మిగిలింది గోరంత. పోయిన వారం, నా ఆఖరి రోజున, దాన్ని కూడా కరిగించుకోమని మా ల్యాబ్ పెద్దాయన పర్మిషన్ ఇచ్చాడు. వెళ్లేవాళ్లకి కానుక అన్నమాట. గ్లవ్స్ వేసుకున్నాను, యాసిడ్ సిద్ధం. పక్కన మా వేద ఉంది. ఇక్కడే అమెరికాలో పుట్టిన పిల్ల, నా దగ్గర రీసెర్చ్ చేస్తోంది. తనకొచ్చిన తెలుగులో మెల్లగా అంది: "ఆంటీ, ఇప్పుడు మెషీన్‌కి మొత్తం పీస్ కావాలి. కొన్ని ఇయర్స్ వెయిట్ చేస్తే, కొత్త మెషీన్‌కి రాయిలో ఒక్క చుక్క చాలు కదా?"

నాకు ఒళ్లు మండింది. "ఆ ఇయర్స్ నీకున్నాయే తల్లీ, నాకున్నాయా?" అనేశాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, అక్కణ్నుంచి కదల్లేదు.

తను చెప్పింది నిజమని నాకూ తెలుసు. ఇవాళ కరిగిస్తే సగం జవాబు వస్తుంది, రాయి మాత్రం పూర్తిగా పోతుంది. గ్లవ్స్ విప్పేసి, ముక్కను డబ్బాలో పెట్టి, బీరువా తాళం వేద చేతికిచ్చాను. త్యాగం చేశానని చప్పట్లు కొట్టకండి. మనసు ఇప్పటికీ పీకుతూనే ఉంది. ఆ సాయంత్రమంతా నరసింహం గారి మీద విసుక్కున్నాను, పాపం ఆయన చేసిందేమీ లేదు.

నన్ను పిలిచి, ఇంత ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. వేదా, ఎక్కడున్నావమ్మా? ఆ, వెనకాల. నీకు జవాబు దొరికిన రోజున పేపర్ తర్వాత రాసుకో, ముందు నాకు ఫోన్ చెయ్యి. నిద్రపోతుంటే లేపు. అప్పటికి నేను లేకపోతే, ఆ ల్యాబ్‌లోనే నిలబడి ఒక్కసారి పైకి చెప్పు.

ఉంటాను మరి, సెలవు.