ఓడకి ఒక్కటే పెట్టె

పడగ్గదిలో మంచం మీద తెరిచిన పెట్టె. దానికి ఒకవైపు అత్త, ఇంకోవైపు కోడలు.

“మళ్ళీ తీసేశారేంటి అత్తయ్యా? ఇప్పుడేగా మడతపెట్టి లోపల పెట్టాను!”

“ఏది?”

“మామయ్య స్వెట్టరు. సముద్రం మీద చలిగా ఉంటుందని మీ అబ్బాయి మరీ మరీ చెప్పాడు.”

“ఆయనకి చలేంటి? ఉద్యోగమంతా ఫైరింజన్ మీద తిరిగి మంటలార్పిన మనిషి. ఒంట్లో వేడి ఇంకా దిగలేదు. తీసెయ్.”

“పోనీ, ఈ రెండు చొక్కాలు?”

“అమ్మాయ్, ఓడలో గది అగ్గిపెట్టెంత ఉంటుందట. తేలిగ్గా సర్దుకోమని నువ్వేగా చెప్పావు? తేలిగ్గా అంటే తేలిగ్గానే.”

“చెప్పాను. ఇద్దరికీ కలిపి ఒక్కటే పెట్టె అన్నాను. కానీ మీ తలగడ లోపలే ఉంది కదత్తయ్యా.”

“తలగడ ఒక బరువా? దూది!”

“వేణ్ణీళ్ళ ఫ్లాస్కు?”

“ఖాళీదేగా.”

“కుట్టుడబ్బా, రెండు గొడుగులు... ఇదేంటి, ఇస్త్రీపెట్టా?”

“నలిగిన బట్టలతో సముద్రం ముందు నిలబడమంటావా?”

“సముద్రం ఏమీ అనుకోదులెండి. మామయ్యవి చూస్తే మాత్రం ఒక ప్యాంటు, ఒక పళ్ళ బ్రష్షు. ఆరు వారాలు ఆయన ఈ ఒక్క ప్యాంటుతో...”

“ఆ ప్యాంటు కూడా తీసెయ్.”

“ఆఁ?”

“తీసెయ్ అంటున్నాను.”

“అత్తయ్యా, ప్యాంటు లేకుండా ఎక్కితే కెప్టెన్ ఊరుకుంటాడా?”

“నవ్వకు. ముందు ఆ తలుపు దగ్గరికెయ్.”

“వేశాను. ఏంటి విషయం?”

“విషయమేముంది? ఏమీ లేదు.”

“ఏమీ లేనిదానికి తలుపెందుకు?”

“గాలి కొడుతోందని.”

“అత్తయ్యా...”

“అబ్బ, చెప్తున్నా కదా! నీకు ఓడంటే కళ్ళు తిరుగుతాయా?”

“నాకా? నేనెప్పుడెక్కాను గనక?”

“అయితే ఇప్పుడెక్కు. వెళ్ళి నీ బట్టలు పట్రా. సగం పెట్టె నీకోసమే ఖాళీ చేశాను.”

“నాకోసమా! మరి మామయ్యో?”

“మీ మామయ్య ఇంట్లోనే ఉంటారు.”

“ఆయనకి తెలుసా?”

“తెలియాల్సినప్పుడు తెలుస్తుంది.”

“ఎప్పుడు? ఓడ కదిలాకా?”

“వెటకారం చాలు. టికెట్లతనితో మాట్లాడాను. రేపు సాయంత్రం దాకా పేరు మార్చుకోవచ్చట. ఆయన పేరు కొట్టేసి నీ పేరు రాయడమే.”

“గుట్టుచప్పుడు కాకుండా ఎంత పని చేశారత్తయ్యా! పాపం, ఆయనేం తప్పు చేశారని?”

“ఏం చేశారా? ఏ హోటలుకైనా తీసుకెళ్ళి చూడు. తినడానికి ఏముందో చూడరు, బయటికి దారెటో చూస్తారు. మొన్న సినిమాకెళ్తే నేను సీట్లో కూర్చున్నాను, ఆయనేమో గోడకున్న మంటలార్పే సిలిండరు మీద తేదీ చదువుతున్నారు. అది ఎప్పుడో గడువు దాటిపోయిందట. మేనేజర్ని పిలిపించి సగం సినిమా అయ్యేదాకా క్లాసు పీకారు. హీరో ఎందుకు జైలుకెళ్ళాడో నాకిప్పటికీ తెలీదు!”

“వచ్చాక అడుగుదామంటే ఆయనకీ తెలీదు కదా.”

“ఇంక ఓడంటే చెప్పాలా? ఎక్కీ ఎక్కగానే ఆపదలో దించే చిన్న పడవలన్నీ లెక్కపెడతారు. తాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూస్తారు. ఒక కొస నన్ను పట్టుకోమంటారు. నేను చూడాల్సింది సూర్యాస్తమయం తల్లీ, తాడు కాదు.”

“అదీ నిజమేలెండి. కానీ ఇక్కడ ఇల్లెవరు చూస్తారు?”

“తండ్రీ కొడుకులు లేరూ? పాలు పొంగి స్టవ్వు అంటుకుంటే మీ మామయ్యే ఆర్పుకుంటారు. నువ్వొస్తే నాకు సరదాగా ఉంటుంది. నీకూ కాస్త ఊపిరి సలుపుతుంది. లేస్తే ఆఫీసు, వస్తే వంటిల్లు. నాకు కళ్ళు లేవనుకున్నావా?”

“అత్తయ్యా... అలా అంటే నాకు ఏడుపొస్తుంది.”

“ఏడుపు తర్వాత. బట్టలు పట్రా.”

“నాకూ రావాలనే ఉంది. కానీ...”

“కానీ?”

“ఏం లేదులెండి.”

“ఏం లేనిదానికి కానీ ఎందుకు?”

“చెప్పకూడదు. చెబితే మామయ్య నన్ను చంపేస్తారు.”

“చెప్పకపోతే నేను చంపేస్తాను. ఎలాగూ తప్పదు గనక చెప్పెయ్.”

“మామయ్యకి తెలిసిపోయిందత్తయ్యా.”

“ఏం తెలిసింది?”

“మీరు ఆయన్ని వదిలేసి వెళ్దామనుకుంటున్నారని. పొద్దున బీరువా తెరిస్తే పెట్టెలో ఉండాల్సిన చొక్కాలన్నీ అందులో కనిపించాయట.”

“అయ్యో! బాగా బాధపడ్డారా?”

“అదే కదా...”

“నాకు తెలుసు. టిఫిను కూడా తిని ఉండరు.”

“మారు అడిగి మరీ తిన్నారు.”

“మారడిగారా?”

“తింటూ ఈల కూడా వేశారు.”

“ఈలా? మీ మామయ్యా? పెళ్ళయ్యాక ఆయన ఈల వేయగా నేనెప్పుడూ వినలేదే!”

“నేను విన్నాను. తర్వాత వీధి చివరి టైలరుగారికీ, మందుల షాపాయనకీ ఫోన్లు చేశారు. ‘రోజూ మా ఇంట్లోనే పేకాట, రండి రండి, అడిగేవాళ్ళు లేరు’ అని.”

“అడిగేవాళ్ళు లేరన్నారా!”

“ఇంకొకటి కూడా ఉంది. వద్దులెండి, మీరు బాధపడతారు.”

“చెప్పవే!”

“మీరు కూరగాయలకి వెళ్ళినప్పుడు ఈ మంచం మీద అడ్డంగా పడుకుని చూశారు. కాళ్ళూ చేతులూ బార్లా చాపి. ‘అబ్బ, ఇన్నాళ్ళకి నా మంచం నాకొచ్చిందమ్మా’ అన్నారు.”

“ఈ మంచం మీదా?”

“ఇదే మంచం. ఏంటత్తయ్యా ఆ చూపు?”

“నేను లేకపోతే ఆయనకి అంత హాయిగా ఉందా?”

“మీక్కావలసిందీ అదేగా! మీకూ హాయి, ఆయనకీ హాయి. ఉండండి, నా బట్టలు తెచ్చేస్తాను.”

“ఆగక్కడ. నేను వదిలేయడం వేరు, ఆయన వదిలించుకోవడం వేరు.”

“రెండిటికీ తేడా ఏముంది?”

“ఇంకో పాతికేళ్ళు కాపురం చెయ్, తెలుస్తుంది. ఏదీ ఆ స్వెట్టరు? ఇటివ్వు. చొక్కాలన్నీ పట్రా, ప్యాంట్లు కూడా. ఆ ఇస్త్రీపెట్టె తీసి అవతల పడెయ్.”

“మరి నేనో?”

“నిన్ను వచ్చే ఏడు తీసుకెళ్తానే. ఏమీ అనుకోకు తల్లీ. ఈ మనిషిని ఇక్కడ వదిలేస్తే... అడ్డంగానట, అడ్డంగా! ఏమండీ! ఏమండోయ్! ఒకసారి ఇలా రండి!”

“ఏంటే ఆ కేకలు? ఎక్కడన్నా అంటుకుందా?”

“నాకే అంటుకుంది. ఓడలోకి మీ స్వెట్టరు కాక ఇంకేం కావాలి?”

“నాకెందుకే ఓడ? అత్తాకోడళ్ళు వెళ్ళి రండి. నేనిక్కడ హాయిగా...”

“హాయి అన్న మాట ఇంకోసారి వినిపిస్తే ఈ తలగడతో కొడతాను. మీరు వస్తున్నారు. అంతే.”

“తేలిగ్గా సర్దుకోవాలట కదా. నా సామానుతో బరువు...”

“నా తలగడ తీసేశాను, గొడుగులు తీసేశాను. కావాలంటే ఆ పడవలన్నీ లెక్కపెట్టుకోండి, తాడు నేనే పట్టుకుంటాను. అమ్మాయ్, నేను ముందుగదిలోకెళ్ళి టికెట్లతనికి ఫోన్ చేసొస్తా, పేర్లేమీ మార్చొద్దని. ఈయన ఈ గది దాటకుండా చూడు.”

“అలాగే అత్తయ్యా.”

“అమ్మా... వెళ్ళిందా?”

“వెళ్ళారు మామయ్యా. మెల్లిగా మాట్లాడండి.”

“నువ్వు మామూలుదానివి కాదు తల్లీ! పొద్దున బీరువాలో చొక్కాలు చూసేసరికి నా గుండె జారిపోయింది. నీతో మొరపెట్టుకోబట్టి సరిపోయింది. రానన్నట్టు నటించమన్నావు, నటించాను. అవునూ, ఏం చెప్పావేంటి? అడ్డంగా అంటుందేంటి?”

“మీరు మంచం మీద అడ్డంగా పడుకుని, నా మంచం నాకొచ్చిందన్నారని చెప్పాను.”

“నేనా! ఆవిడ గురక వినపడకపోతే నాకు నిద్రే పట్టదు!”

“ఆ మాట ఓడ కదిలాక ఆవిడకే చెప్పుకోండి. ఇప్పుడన్నారంటే చొక్కాలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోతాయి.”

“అననులే. కానీ నాకోసం నీ సరదా వదులుకున్నావమ్మా. ఆవిడంతట ఆవిడే రమ్మంటే ఎవరు కాదంటారు? ఇంత త్యాగం...”

“త్యాగమా? అయ్యో మామయ్యా!”

“ఎందుకు నవ్వుతున్నావు?”

“నేనీ ఇంటికొచ్చి మూడేళ్ళయింది. మీ అబ్బాయీ నేనూ గుసగుసలు తప్ప గట్టిగా ఒక్క మాట మాట్లాడుకుని ఎరగం. పోట్లాడుకోవాలన్నా బస్టాపు దాకా నడుచుకుంటూ వెళ్ళాలి.”

“అంటే?”

“ఆ టికెట్లు కొన్నది నేనే మామయ్యా. పది రోజుల ప్రయాణాలు కూడా ఉన్నాయన్నాడు టికెట్లతను. అన్నిటికంటే పొడుగుది ఇమ్మన్నాను.”