ఫోటో తీసినోడు

వరంగల్‌లో ఒక కాలేజీ. వాలంటీర్ క్లబ్ గదిలో ముగ్గురున్నారు: క్లబ్ బాధ్యతలు చూసే లెక్చరర్ రాజేశ్వర్ రావు, విద్యార్థుల తరఫున సెక్రటరీగా ఉన్న శోభారాణి, ఫైనలియర్ చదివే తౌసీఫ్. ఏడాది పొడుగునా సేవ చేసినవాళ్ల సర్టిఫికెట్ల జాబితా ఆ సాయంత్రం నాలుగింటికల్లా యూనివర్సిటీకి చేరాలి. అప్పటికే మూడు దాటింది.

"పెట్టను సార్."

"ఏం పెట్టవు?"

"సంతకం. తౌసీఫ్ పేరు లేని లిస్టు మీద నేను సంతకం పెట్టను."

"శోభారాణీ, నువ్వు సెక్రటరీవి. నీ సంతకం లేకుంటే ముప్పై ఏడు మంది సర్టిఫికెట్లు ఆగిపోతయి. జర ఆలోచించు."

"ముప్పై ఎనిమిది మందిమి సార్. ముప్పై ఏడు కాదు."

"హాజరు ప్రకారం ముప్పై ఏడే. నూట ఇరవై గంటలు దాటినోళ్లకే సర్టిఫికెట్. తౌసీఫ్‌కు ఎన్నొచ్చినయో నువ్వే చదువు. చదువు, గట్టిగ."

"సున్న."

"సున్న! నలభై కాదు, యాభై కాదు. సున్న వచ్చినోనికి సర్టిఫికెట్ ఇస్తే యూనివర్సిటోళ్లు నా మొకం మీద ఉమ్మరా?"

"ఫోటోలు చూసి హాజరు ఏసినం సార్. ఆ ఫోటోలు తీసిందే వీడు. కెమెరా ఎన్క ఉన్నోడు కెమెరా ముందట ఎట్లుంటడు?"

"శోభా, జర మెల్లగ మాట్లాడు. సార్‌తోని గట్ల కాదు."

"నువ్వు నోర్ముయ్యి తౌసీఫ్. నీ గురించే కొట్లాడుతాన్న."

"నా గురించి నన్ను అడిగినవా మరి?"

"అడిగితే నువ్వు 'ఫికర్ మత్ కరో, ఏం గాదు' అంటవు. ఫికర్ చేసేటోళ్లు ఎవరో ఒకరు ఉండాలె గదా."

"ఇద్దరూ ఆపుండ్రి. శోభారాణీ, ఒక్క మాట అడుగుతా, సీదా జవాబు చెప్పు. ఫోటోల మొకం ఉంటేనే హాజరు అనే రూల్ ఎవరు తెచ్చిండ్రు?"

"అది ఇప్పుడెందుకు సార్?"

"నిన్నే అడుగుతాన్న."

"నేనే సార్."

"ఇనబడలే."

"నేనే సార్! పోయిన సాల్ రిజిస్టర్ల ఒక్కడే పదకొండు మందికి సంతకాలు గీకిండు. ఇంట్ల పండుకున్నోళ్లకు గూడ సర్టిఫికెట్లు వచ్చినయి. గందుకే అన్న, పని కాడ బ్యానర్ పట్టుకొని ఫోటో దిగాలె, దాంట్ల మొకం కనబడ్డోనికే గంటలు అని. తీసేటోని మొకం పడదని నాకు తట్టలే. తప్పు నాది. నా తప్పుకు వీని పేరు కొట్టేస్తరా?"

"తప్పు అయినా రూల్ రూలే. నువ్వే రాసినవ్, నేను ఒప్పుకున్న, పైకి పంపినం. ఇప్పుడు మార్చనీకి రాదు."

"మేడారం జాతర ఫోటోలు చూడుండ్రి సార్. ఇగో. తప్పిపోయినోళ్ల టెంటు. నాలుగు రోజులు మైకు పట్టుకున్నది ఎవరు?"

"తౌసీఫే. నేను కాదంటాన్ననా?"

"మీరు రెండో నాడు వచ్చి పోయిండ్రు. మీకు రాజక్క సంగతి తెల్వది. పాలకుర్తి దిక్కు నుంచి వచ్చింది ముసలామె, జనంల తప్పిపోయింది. మొగని పేరేందమ్మా అంటే నాలుక కరుచుకున్నది. మొగని పేరు నోట పలుకుతమా బిడ్డా అన్నది. ఊరి పేరు గూడ మొగని పేరు లెక్కనే ఉన్నదట, గది గూడ చెప్పనన్నది. మన క్లబ్ భానుచందర్ ఒక గంట అడిగి అడిగి దండం పెట్టిండు."

"అయితే?"

"వీడు మైకు అందుకున్నడు. 'పాలకుర్తి దిక్కు నుంచి వచ్చిన పెద్దాయనా, అమ్మవారికి బెల్లం బంగారం ఇచ్చినవ్, నీ ఇంటామెను మర్చిపోయినవ్. ఆమె ఈడ్నే కూసున్నది. మస్తు కోపంగ ఉన్నది. ఎంత లేటైతే అంత తిడ్తది, ఉరికిరా' అన్నడు. ఎంతమంది వచ్చిండ్రో తెలుసా సార్? నలుగురు ముసలాయనలు, రొప్పుకుంట."

"నలుగురా?"

"నలుగురి భార్యలు గూడ తప్పిపోయిండ్రు మరి! నాలుగో ఆయన మొగిలయ్య. రాజక్క ఆయన్ను చూసి ముందుగాల తిట్టింది, తర్వాత ఏడ్సింది. వీని నెత్తి మీద చెయ్యి పెట్టి, నా కొడుకువు బిడ్డా అన్నది. గా ఫోటో ఉన్నదా సార్? లేదు. రాజక్క, మొగిలయ్య ఉన్న ఫోటో ఉన్నది. తీసింది ఎవరు?"

"నాకు ఎందుకు చెప్తాన్నవ్ ఇదంతా? నాకు వీని మీద పగనా?"

"ఆగస్టుల వానలు పడి కాలనీల నీళ్లొచ్చినయి. ఛాతి దాంక నీళ్లల్ల తాడు పట్టుకొని ముందు నడిచింది వీడు. అవతలి గట్టెక్కినంక ఫోన్ తుడుచుకొని, అందరు నిలబడుండ్రి అన్నడు. మేం పండ్లికిలించుకుంట నిలబడ్డం. మా అందరికి ఆరారు గంటలు పడ్డయి. వీనికి సున్న."

"సరే. సరే. నేను మనిషినే, రాయిని కాదు. ఒక దారి ఉన్నది. శశాంక్‌ను పిలువు. వానికి కంప్యూటర్ల ఫోటోలు అతికిచ్చుడు వస్తది గదా. ఒక పదిహేను ఫోటోలల్ల తౌసీఫ్‌ను పెట్టమను. అంచుకు, ఎన్క వరసల. ఎవరు చూస్తరు? అరగంట పని."

"అది... అట్ల చేయొచ్చా సార్?"

"చేసింది సేవనే గదా. అబద్ధం ఏమున్నది దాంట్ల? ఏం తౌసీఫ్?"

"వద్దు సార్."

"ఎందుకు వద్దు?"

"నేను లేను గదా సార్ ఆ ఫోటోలల్ల."

"అరే, పని కాడ ఉన్నవ్ గదా!"

"పని కాడ ఉన్న. ఫోటోల లేను. అతికిచ్చుకొని సర్టిఫికెట్ తీసుకుంటే, పోయిన సాల్ దొంగ సంతకాలు పెట్టినోనికి, నాకు ఫరక్ ఏమున్నది?"

"తౌసీఫ్, సోషల్ వర్క్ పీజీ సీటుకు అప్లై చేసినవ్ గదరా. ఎల్లుండే ఆఖరు. సేవ సర్టిఫికెట్ పెట్టకుంటే తీసుకోరు. ఆ సీటు కోసం రెండేండ్ల సంది చదువుతాన్నవ్."

"తెలుసు శోభా."

"తెలిసి గూడ వద్దంటవా?"

"తెలిసే వద్దంటాన్న."

"చూసినవా శోభారాణీ? నేను చెయ్యి ఇస్త, ఆయన పట్టుకోడు. ఇగ నేనేం చెయ్యాలె? పెట్టు సంతకం. టైం అవుతాంది."

"ఇది గూడ చూడుండ్రి సార్."

"ఏందిది?"

"చదువుండ్రి."

"'తౌసీఫ్ పేరు లేని జాబితాలో మా పేర్లు కూడా ఉంచవద్దు...' ఇదేంది? కింద గీ సంతకాలేంది?"

"ముప్పై ఏడు సార్. ఈసారి ఎవరి సంతకం వాళ్లే పెట్టిండ్రు. మెహ్జబీన్‌కు జరం, దవాఖాన్ల ఉంటే ఆడికి పోయి పెట్టిచ్చుకొచ్చిన."

"శోభా! నాకు ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్తే చింపేస్తువు."

"బెదిరిస్తాన్నవా నన్ను? ఉత్తమ క్లబ్ అని మన పేరు ముందట ఉన్నది. ఆ లిస్టు పోకుంటే అవార్డు పాయె, నా మూడేండ్ల కష్టం పాయె, తెలుసా?"

"బెదిరిస్తలేను సార్, మర్యాదగనే చెప్తాన్న. మాకు అవార్డు వద్దు. పోతే అందరం పోతం, ఉంటే అందరం ఉంటం. మీరు నన్ను సెక్రటరీ నుంచి తీసేసినా సరే. కొత్త సెక్రటరీని పెట్టుకోండ్రి. ఆ ముప్పై ఏడు మందిల ఎవరన్నా సంతకం పెడ్తరేమో అడుగుండ్రి."

"అంటే అందరు ఒక్కటైనరు."

"సాల్ మొత్తం ఒక్కటి చేసింది మీరే గదా సార్. మురికి మోరీలు తీసేటప్పుడు మీరే అంటుంటిరి, ఒక్కరు పార వదిలినా లైను ఆగుతదని."

"నోరు మస్తు లేస్తాంది నీకు. సరే, తౌసీఫ్, నువ్వు చెప్పు. ఈ లొల్లి అంతటికి మూలం నువ్వు. సాల్ పొడుగునా ముప్పై ఒక్క ఫోటో తీసినవ్. ఒక్కటంటే ఒక్క దాంట్ల నిలబడనీకి నీకు ఏమొచ్చింది?"

"తీసుడు నాకు ఇష్టం సార్."

"ఇష్టమైతే ముప్పై తియ్యి, ఒక్క దాంట్ల నిలబడు! ఎవరు వద్దన్నరు?"

"గది నేను గూడ అడుగుతాన్న తౌసీఫ్. ఎన్నిసార్లు పిలిచిన నేను? చాయ్ బండాయనకు ఫోన్ ఇయ్యిరా, నువ్వొచ్చి నిలబడు అంటే, ఆయన చెయ్యి వణుకుతది అంటివి. మన తిరుమల తీస్తనంటే, ఆమె ఫోటోల కాళ్లు కోస్తది అంటివి. ఎండ ఎదురున్నది అంటివి. నీకు సిగ్గు అనుకొని నవ్విన నేను. పెండ్లిచూపులకు గూడ నీ ఫోటో ఉండదురా అని ఆటపట్టిస్తి."

"నవ్వితే ఏమాయె? నాకు గూడ నవ్వొచ్చింది."

"మాట తప్పియ్యకు. సీదా చెప్పు. సిగ్గు గాదు గదా?"

"కాదు."

"మరేంది?"

"వదిలేయ్ శోభా. సార్ ముందట వద్దు."

"నా ముందట ఎందుకు వద్దు? చెప్పు. ఎవరన్నా వద్దన్నరా? ఊరోళ్లా? క్లబ్‌ల ఎవడన్నా ఏమన్నా అన్నడా? పేరు చెప్పు, ఇప్పుడే పిలిపిస్త వాణ్ని."

"మీరు పిలిపియ్యలేరు సార్."

"ఎందుకు పిలిపియ్యలేను? నా క్లబ్‌ల నా పిల్లగాణ్ని పక్కకు పెట్టేటోడు ఎవడు? చెప్పు!"

"మొదటి నాడు సార్. స్టేషన్ ఘన్‌పూర్ అవతల, మనం దత్తత తీసుకున్న ఊరు. శుక్రవారం. జుమ్మా నమాజ్ అయినంక సీదా మసీదు నుంచే బస్సు ఎక్కిన. టోపీ నెత్తి మీదనే ఉండె. పేపరోళ్లు వచ్చిండ్రు. అందరం బ్యానర్ కాడ నిలబడ్డం. నేను ముందు వరసల ఉన్న."

"అయితే?"

"మీరు దగ్గరికొచ్చి చెవిల చెప్పిండ్రు సార్. 'పేపర్ల పడే ఫోటో, ఊరు కొత్తది, ఎవరేమనుకుంటరో. నువ్వు జర పక్కకు జరుగు. ఈ ఫోన్ పట్టుకొని నువ్వే తియ్యి' అని."

"సార్? నిజమా? సార్, మిమ్మల్నే."

"నాకు... నాకు యాదికి లేదు."

"నాకు యాదికున్నది సార్."

"నేను యాడున్న అప్పుడు? తౌసీఫ్, నేను ఆన్నే ఉన్న గదరా!"

"నువ్వు బ్యానర్ తాడు కడుతాంటివి. ఒక దిక్కు జారిందని ఆ ఊరి మొండయ్య తాతతోని కొట్లాడుతాంటివి."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఆడ్నే లొల్లి పెడుతువు. ఈ సాల్ పని మొదలై గంట గూడ కాలే. మోరీలు తియ్యకుంట అట్లనే ఉండేవి."

"ఆగు. ఆగాగు. క్లాసుల నువ్వు ఎన్నడు టోపీ పెట్టవు గదా. కాంటీన్ల పెట్టవు. మరి మేడారంల, కాలనీల... అరే, నీళ్లల్ల దిగినప్పుడు గూడ ఉండె! క్లబ్ పని ఉన్ననాడే పెడతవ్. సాల్ మొత్తం పక్కన ఉండి నేను గీ మాట చూడలే!"

"తౌసీఫ్, చూడు బేటా. నేను తప్పుగ అనలే. నా మనసుల ఏం లేదు. క్లబ్‌కు మాట రావద్దని... పేపర్ అన్నంక నాలుగు తీర్ల మనుషులు చూస్తరు..."

"తెలుసు సార్. మీరు చెడ్డోళ్లని నేను ఎన్నడు అనుకోలే."

"మరి ఇంత పంతం ఎందుకు? నేనన్నది ఆ ఒక్కనాడు. తర్వాత ముప్పై సార్లు ఫోటో దిగినం. టోపీ తీసి వచ్చి నిలబడుంటే నేను కాదందునా?"

"కాదనరు సార్. టోపీ తీస్తే నిలబడనిస్తరని నాకు ఎరుకే. గందుకే తియ్యలే."